ఊడ్చిన ఎరువు గుంత

గార్లదిన్నె దగ్గరి పల్లెలో ఓబుళప్ప రోజూ పొద్దున్నే లేచి తన కంపోస్టు గుంతను పొరకతో ఊడ్చేవాడు. కొత్తగా తవ్విన ఆ గుంతను చూసి 1958లో ఆఫీసర్లు ఆదర్శమన్నారు, గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. అప్పటినుంచి అందులో పిడికెడు పేడ కూడా వేయనివ్వలేదు. ఆదర్శం మాసిపోతుందట.

పేడ, బూడిద, పశువులు మిగిల్చిన చొప్ప అన్నీ భార్య తిప్పమ్మ పెరట్లో దిబ్బగా పోసి, అంట్లు కడిగిన నీళ్లు దానిమీదే కుమ్మరించేది. ఆ తడికి దిబ్బ లోలోపల వేడెక్కి, కుళ్లి, ఏడాది తిరిగేసరికి కంపు పోయి నల్లటి మన్నయింది.

తొలకరి పడింది. ఎరువు వేయకపోతే చేన్లో కొర్రలు గింజపట్టవు. ఓబుళప్ప గంపతో దిబ్బ దగ్గరికొచ్చాడు.

"ఈడికెందుకొచ్చినావు? గడియారం ఉండాది గదా, దాన్ని చల్లుకోపో చేన్లో," అంది తిప్పమ్మ.

"మెల్లగా అనే, ఊరంతా నవ్వుతారు. ఎరువు ఎత్తుకోనీ."

"ఎత్తుకో. రేపట్నుంచి పేడ నీ గుంతలోనే ఏస్తా. సరేనా?"

ఓబుళప్ప తలూపాడు.

ఆ యేడు కొర్రలు పండాయి. ఆఫీసర్లు మళ్లీ వచ్చి, పేడతో నిండిన గుంతను చూసి ముక్కు మూసుకున్నారు. బహుమతి పక్క ఊరి గుంతకు ఇచ్చారు. దాన్ని ముందురోజే తవ్వారు.