శంఖనేత్రుడి నోటి మాట

నా బొమ్మల కథలో దుర్మార్గుడైన శంఖనేత్రుణ్ణి ఎక్కణ్ణించి పట్టుకొచ్చారని అడిగిన ప్రతివాడికీ "ఊహ" అని చెప్పాను. అబద్ధం. వాడి వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి మా ప్రెస్సు గుమ్మంలో నిలబడి "ఈ మాట ఎవురు రాసినారు?" అని అడిగిన రోజు నేను నోరు తెరవలేదు. నా బదులు ఇంకొకాయన నింద మోశాడు. పదేళ్లయింది. ఇప్పటికీ బస్టాండులో ఎవరో ఒకరు నన్ను ఆపి, "ఏం దుర్మార్గుణ్ణి పుట్టించినావన్నా!" అని మెచ్చుకుంటారు. విన్నప్పుడల్లా నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పుడు నేను నెల్లూరులో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. శుభలేఖలు, నోటీసులు వేసుకుంటూనే మా యజమాని పిల్లలకో మాసపత్రిక నడిపేవాడు. అందులో నాలుగు పేజీల బొమ్మల కథ ఉండేది. కథ, మాటలు నావి. బొమ్మలు చెక్క దిమ్మెల మీద చెక్కేది ప్రెస్సులోనే పనిచేసే ఒక పెద్దాయన. మా వీరుడైన రాజకుమారుడు మూడు నెలలకే పిల్లలకి మొహం మొత్తాడు.

"వీడికి తగిన చెడ్డోడు కావాలబ్బా. పిల్లకాయలు నిక్కర్లు తడుపుకోవాల" అన్నాడు యజమాని.

ఆ ఆదివారం మా ఊరికి బయల్దేరాను. మైపాడు దారిలో బస్సు దిగి కాలువ దాటాలి. పడవ నడిపే ఆయనకి చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కన్ను తెల్లగా అయిపోయింది. అవతలి గట్టు పిల్లలంతా ఆయన పడవలోనే బడికి పోయేవాళ్లు. గట్టు మీద నుంచి ఎవరు కేకేసినా "వస్తా ఉండా, కదలబాకండి!" అనేవాడు. ఎక్కాక కూడా అదే మాట. నిండు పడవలో ఒకడు కదిలితే అందరూ నీళ్లలో ఉంటారు కనుక.

నేను కొత్త చొక్కా వేసుకుని, అందరూ చూడాలని, నడి కాలువలో లేచి నిలబడ్డాను.

"ఓ నెల్లూరు దొరా, కదలబాక! నువ్వు మునిగితే మునిగినావు గానీ, చొక్కా నాకిచ్చి మునుగు."

పడవంతా నవ్వింది. ముప్పై దాటినవాణ్ణి, నేనూ నవ్వి కూర్చోవాల్సింది. కూర్చున్నాను గానీ నవ్వలేదు. పగ పట్టాను.

సోమవారం పొద్దున కాగితం ముందు కూర్చుంటే దుర్మార్గుడు తనంతట తానే వచ్చేశాడు. పడవ, తెల్ల కన్ను, చేతిలో పడవ తోసే గడ. మా కథలో రాజు, రాణి, ఆఖరికి వీరుడి గుర్రం కూడా "నిలువుము, పలుకుము" అని గ్రాంథికమే మాట్లాడేది. చెడ్డవాడికి ఒక్కడికే మా అమ్మ మాట్లాడే భాష ఇచ్చాను. "కదలబాకండి!" అనడం, జనం గడగడా వణకడం. ఎంత తెలివిగా చేశాననుకున్నానో!

ఎవరైనా గుర్తుపడతారని భయపడి, తెల్ల కన్ను కుడివైపు పెట్టమని రాసిచ్చాను. దిమ్మె మీద బొమ్మని తిప్పి చెక్కాలి. అప్పుడే కాగితం మీద సరిగా పడుతుంది. ఆ రోజు హడావుడిలో పెద్దాయన తిప్పకుండా చెక్కేశాడు. అచ్చులో తెల్ల కన్ను ఎడమకి వచ్చింది. ప్రూఫు నా చేతిలోనే ఉంది. ఒక దీర్ఘం పోతే పేజీ ఆపించే నేను, కన్ను మారితే చూసి కూడా సంతకం పెట్టి పంపాను.

తరవాత వాడు పెరిగాడు. ఉత్తరాలు వచ్చేకొద్దీ యజమాని "ఇంకా, ఇంకా" అన్నాడు. రెండో నెల శంఖనేత్రుడనే పేరు పెట్టాను. తరవాత పొలుసుల కవచం, ఇనప పడవ. అయిదో నెలకి ఆ కంట్లోంచి తెల్లటి వెలుగు వచ్చేది. అది పడినవాడు ఉప్పుబొమ్మ అయిపోయేవాడు. ఒంటి మీద అన్నీ మార్చాను. ఆ మాట మాత్రం మార్చలేదు. పిల్లలకి అదే ఇష్టం.

పత్రిక చదివిన కాలువ గట్టు బడిపిల్లలు పడవాయన కన్ను చూసి, ఆ మాట విని, పడవ ఎక్కనే ఎక్కం అంటూ ఏడ్చారు. తల్లులు ముందు తిట్టారు, తరవాత విసిగి వేరే పడవ మాట్లాడుకున్నారు. ఆయన రేవులో ఖాళీ పడవతో కూర్చున్నాడు.

అప్పుడే పత్రిక చేతిలో మడిచి పట్టుకుని ప్రెస్సుకి వచ్చాడు.

"కంటి సంగతి పోనీండి. ఒంటికన్నోళ్లు చానామంది ఉండారు. ఈ మాట ఎవురు రాసినారు? ఇది నాది. దీంతోనే పిల్లకాయల్ని మునక్కుండా దాటించినా. దీంతోనే వాళ్లని బెదరగొట్టినారే!"

యజమాని నా వైపు చూడలేదు, పెద్దాయన వైపు చూశాడు. "బొమ్మ తిప్పి చెక్కమంటే చెక్కలేదు. అంతా ఈయన నిర్వాకమే." పెద్దాయన నన్ను చూశాడు. నేను ప్రూఫు చూసుకుంటున్నాను. ఆ నెలాఖరుకి ఆయన్ని పనిలోంచి తీసేశారు. మద్రాసు పోయాడన్నారు. తరవాత నేనెంత వెతికినా దొరకలేదు.

పాపం కడుక్కుందామని తరవాతి సంచికలో శంఖనేత్రుణ్ణి చంపేశాను. రాజకుమారుడు వాడి పడవ అడుగు బద్దలు కొడతాడు, వాడు మునుగుతాడు, జనం కేరింతలు కొడతారు. ఎంత బుద్ధిలేని పని! పత్రిక ఊరికి చేరిన మూడో రోజుకి రేవులో ఆయన పడవ అడుగున చిల్లు. పిల్లలు గునపంతో పొడిచి, చప్పట్లు కొట్టారట. ఆయన దాన్ని బాగు చేయించలేదు. సూళ్లూరుపేట దగ్గర కూతురింటికి వెళ్లిపోయాడు.

పోయిన నెల అక్కడికి వెళ్లాను. వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. రైల్లో "క్షంతవ్యుణ్ణి" అంటూ మంచి మాటలు కూర్చుకుని వెళ్లాను. ఆయన తలెత్తగానే మా ఊరి మాటలే వచ్చాయి.

"ఆ మాట రాసింది నేనన్నా. చొక్కా దొరని. ఆ పెద్దాయన కాదు."

ఆయన ముడి వేయడం ఆపలేదు. "తెలుసు. ఆ పొద్దు నువ్వొక్కడివే తలెత్తలా." ఇంకో ముడి బిగించి అన్నాడు: "నాకు చెప్పి ఏం లాభమబ్బా? నేను మునగలా. పిల్లకాయలు చదివింది అచ్చులో. అచ్చులోనే చెప్పు."

అందుకే ఇది. ఆనాటి కాలువ గట్టు పిల్లకాయల్లారా, ఇప్పుడు పెద్దోళ్లయి ఉంటారు. ఆ పడవాయన మిమ్మల్ని భయపెట్టలా, నేను పెట్టినా. పడవకి చిల్లు మీరు పొడిచినారు గానీ, గునపం చేతికిచ్చింది నేను. దిమ్మె చెక్కిన పెద్దాయనా, ఎక్కడున్నావో, నింద నాది. పడవన్నా, నీ మాట తీసుకుని చెడ్డోడి నోట్లో పెట్టినా. తప్పు చేసినా. మన్నించు.