గడియారం తిప్పింది నేనే

నాకు పదేళ్ళప్పుడు... సాయంత్రం ఆరున్నర అయిందంటే నా నేస్తం సువార్త వాళ్ళింట్లో టీవీ నోరు మూయాల్సిందే. హీరో కొండ అంచున వేలాడుతున్నా సరే! చాప పరిచేవాళ్ళు, ప్రార్థన మొదలయ్యేది.

అప్పుడు మేం పట్నంలో, ఖాజాగూడలో పక్కపక్క కిరాయి గదుల్లో ఉండేవాళ్ళం. మాది కడప వైపు. మా ఇంట్లో టీవీ లేదు. సువార్త వాళ్ళమ్మ మేరీ ఆంటీ ఆసుపత్రిలో నర్సు. సెలవు రోజు వస్తే నా మకాం వాళ్ళ గడప లోపలే...

కేబుల్ వాళ్ళు నెలకోసారైనా ఒక పాత సినిమా వేసేవాళ్ళు. జన్మలో విడిపోమని ఒట్టేసుకున్న ఇద్దరు స్నేహితురాళ్ళ కథ. చివర్లో ఒకామె రెండో ఆమెను ఇంట్లోంచి గెంటేస్తుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఆరున్నర! మళ్ళీ కలిశారా లేదా... ఎన్నిసార్లు చూసినా మాకు తెలియదు.

ఆ సినిమానే ఇప్పుడు డైలీ సీరియల్‌గా తీస్తున్నారు. నా కోపం సంగతి తర్వాత చెప్తా. ముందు గడియారం సంగతి.

ఒక ఆదివారం ఆ సినిమా మళ్ళీ వేశారు. ఆంటీ స్నానానికి వెళ్ళగానే స్టూలెక్కి గోడ గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పాను. సువార్త వద్దు వద్దంటూనే స్టూలు పట్టుకుంది. ప్రార్థన అరగంట ఆలస్యమైతే దేవుడికి నష్టమేముంది అనుకున్నాను... ఆ రాత్రి ఆంటీకి డ్యూటీ ఉందని, ఏడింటికి వ్యాన్ వస్తుందని నా బుర్రకు తట్టలేదు.

గడియారంలో ఆరున్నర అయింది. ఆంటీ ఇంటి చీరలోనే చాప తీసుకుని వచ్చింది. బయట హారన్ మోగింది.

"సిస్టర్! ఏడైంది, ఇంకా రెడీ కాలేదా?" అని డ్రైవర్ కేక.

"ఏడేంది? ఆరున్నరే గదా!"

"మీ గడియారం పండుకున్నట్టుంది. జర జల్దీ రండి సిస్టర్, అందరు ఎదురుచూస్తున్నరు."

ఆంటీ గడియారం వంక చూసింది. చాప అక్కడే పడేసి, చీర మార్చుకుని, టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా పరుగెత్తింది. ప్రార్థన చేయకుండా ఆవిడ గడప దాటడం మేమెప్పుడూ చూడలేదు. టీవీలో సినిమా నడుస్తూనే ఉంది... మాకు కావాల్సిన క్లైమాక్సే. ఇద్దరిలో ఒక్కరం కూడా అటు చూడలేదు.

మర్నాడు పొద్దున బడికి పిలుద్దామని వెళ్తే, ఆంటీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆలస్యమైందని పెద్ద నర్సు వార్డులో అందరి ముందూ తిట్టిందట. ఆంటీ చేతిలో అట్లకాడ.

"గడియారం ఎవలు ముట్టిన్రు?"

నేను నేల వంక చూశాను.

"నేనే" అంది సువార్త.

నాలుగు దెబ్బలు పడ్డాయి. నేను సంచి పట్టుకుని గుడ్లప్పగించి చూశాను. నోరు తెరవలేదు. బడి దారంతా అది నన్నొక్క మాట అనలేదు, అదే ఎక్కువ మండింది. మూడు రోజులు వాళ్ళింటి వైపు పోలేదు. ఇక అది నాతో మాట్లాడదని, ఇదంతా ఆంటీకి తెలిస్తే ఆ గడప నాకు మూసుకుపోతుందని భయం...

నాలుగో రోజు ఆరున్నరకి వెళ్ళాను. చాప మీద కూర్చున్నారు. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. ప్రార్థనకు ముందు ఒక్కొక్కరూ మనసులో ఉన్న కష్టం పైకి చెప్పాలి, మిగిలినవాళ్ళు దాని కోసం ప్రార్థిస్తారు. సువార్త లెక్కల పరీక్ష అంది. వాళ్ళ నాన్న నడుము నొప్పి అన్నాడు. ఆంటీ నా వైపు తిరిగింది.

"నీదేందమ్మా?"

"గడియారం నేనే తిప్పినా ఆంటీ" అని ఏడుపు లంకించుకున్నాను.

ఆంటీ కొంగుతో నా ముఖం తుడిచింది. తర్వాత... "నాకు ఎరుకనే. స్టూలు ఎక్కినా మా పొట్టిదానికి ఆ గడియారం అందుతదా ఏంది? నువ్వెప్పుడు చెప్తవా అని చూస్తున్న" అంది. కళ్ళు మూసుకుని నా పేరు పెట్టి ప్రార్థన చేసింది. ఆమేన్ అనగానే మాత్రం, "నెల రోజులు ఇద్దరికీ టీవీ బంద్!"

ఇక సీరియల్ సంగతి. సినిమాలో ఆ గొడవ అరగంట. పెద్దయ్యాక ఫోన్‌లో చూశాను, కలిసిపోతారు. సీరియల్లో అదే గొడవను రెండు నెలలుగా సాగదీస్తున్నారు! బంగారం లాంటి స్నేహితురాలిని విలన్ చేసి పారేశారు. కనుబొమ్మ ఎగరేస్తుంది, ఉరుము శబ్దం వేస్తారు, పాయసంలో ఏదో కలుపుతుంది. మీరెవరితోనూ స్నేహం చేయలేదా అయ్యా? నేను చదువు మధ్యలో ఆపేసి, వీడియోలు చూసి కంప్యూటర్ పని నేర్చుకున్నదాన్ని. కథలు రాయడం నాకు రాదు. కానీ ఇది స్నేహం కాదని మాత్రం తెలుసు.

నిన్న ఇదే కోపంతో సువార్తకు ఫోన్ చేశాను. అది కూడా వాళ్ళమ్మలా ఇప్పుడు నర్సే, నల్లగండ్లలో ఉంటోంది. సీరియల్‌ని తిట్టాల్సినంత తిట్టేశాక, ఇన్నేళ్ళూ అడగని మాట అడిగాను.

"ఆ రోజు నువ్వే తిప్పినావని ఎందుకు చెప్పినావే?"

"ఇంకా అదే పట్టుకొని కూసున్నవా? నీ పేరు చెప్తే అమ్మ నిన్ను మల్ల ఇంట్లకు రానిస్తుండెనా? నేనంటే కూతుర్ని... కొడ్తది గని, ఎల్లగొట్టదు గదా."

ఇంత మాట అనేసి, కుక్కర్ కూత వేస్తోందని పెట్టేసింది. నేను చాలాసేపు నవ్వుతూనే కూర్చున్నాను...

ఇప్పుడు మా ఫ్లాట్‌లో ముగ్గురం అమ్మాయిలం. మూడు ఫోన్లు, ఆరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పక్క మంచం మీద పిల్ల దేనికి నవ్వుతోందో కూడా తెలియదు. ఎవరిష్టమొచ్చింది వాళ్ళు చివరిదాకా చూసుకోవచ్చు, ఆపేవాళ్ళు లేరు... చాప మీద కాస్త జరిగి చోటిచ్చి, "నీదేందమ్మా" అని అడిగేవాళ్ళూ లేరు.

మీ తప్పు తన మీద వేసుకుని దెబ్బలు తిన్నవాళ్ళు మీకెవరైనా ఉన్నారా? కింద వాళ్ళ పేరు రాయండి. ముందు వాళ్ళకొక ఫోన్ కొట్టి, తర్వాత రాయండి.