వాల్ఫ్రెడ్ బండి ముందు ఎడమ బ్రేకు

"నొక్కు. ఇంకా. అలాగే ఉంచు... ఇప్పుడు వదిలెయ్ లోరీన్. కాలు తీశావా? పూర్తిగా తీశావా?"

తీశాననీ, కావాలంటే రెండు కాళ్ళూ తలుపు బయట పెట్టి చూపిస్తాననీ పికప్ బండి లోపలి నుంచి పక్కింటి లోరీన్ చెప్పింది. వాల్ఫ్రెడ్ సల్మీ మంచు కరిగిన బురదలో అట్టముక్క వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముందు ఎడమ చక్రం ఊడదీసి పక్కన పెట్టాడు. దాని వెనకుండే బ్రేకు డిస్కును రెండు చేతులా పట్టి తిప్పబోయాడు. రాలేదు. డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే కొత్త కాలిపర్ బిగించి రెండు రోజులు కాలేదు, ఇదీ పాతదానిలాగే డిస్కును కరిచిపట్టుకుంది.

అది మార్చి ఆఖరి శనివారం. చలికాలమంతా చేపలు పట్టడానికి గడ్డకట్టిన సరస్సు మీద పెట్టుకున్న గుడిసెలన్నీ పొద్దు గుంకేలోగా ఒడ్డుకు చేరాలని కౌంటీ అధికారుల గడువు. చాలామందివి వారం కిందటే చేరిపోయాయి. వాల్ఫ్రెడ్‌ది మాత్రం ఒడ్డుకు పావు మైలు దూరాన ఒంటరిగా నిలబడి ఉంది. రూలు ప్రకారం ప్రతి గుడిసె మీదా యజమాని పేరూ చిరునామా పెద్ద అక్షరాలతో ఉండాలి. కాబట్టి మంచు కరిగి అది మునిగితే ఎవరిది మునిగిందని ఎవరూ అడగనక్కర్లేదు. జరిమానా సంగతి అటుంచి, వేసవంతా కాఫీ హోటల్లో నలుగురి మధ్యా కూర్చోవడం ఎలా?

సోమవారమే లాక్కొద్దామని బయల్దేరాడు. మైలు పోయాక బండి ఎడమకు గుంజడం మొదలెట్టింది. కాలిన వాసన వచ్చింది. దిగి గుప్పెడు మంచు చక్రం మీద వేస్తే పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్‌మంది. కాలిపర్ పట్టేసిందని అక్కడికక్కడే తేల్చేసి, మెల్లగా ఇంటికి తోలుకొచ్చాడు.

ఆ కాలిపర్ ఊడిరావడానికి రెండు రోజులు పట్టింది. తుప్పుకి బోల్టు ఏదో, ఇనుము ఏదో తెలియలేదు. నూనె పోశాడు, గ్యాసు మంటతో కాల్చాడు, సుత్తితో బాదాడు. ఒక బోల్టు తల సగానికి విరిగి వచ్చింది. బుధవారం కాఫీకి వెళితే, ఆ మాట అప్పటికే హోటలంతా పాకి ఉంది. ముప్ఫై ఒక్క చలికాలాలు కౌంటీ లారీ మీద మంచు కరగడానికి రోడ్లన్నిటికీ ఉప్పు చల్లినవాడు వాల్ఫ్రెడ్. ఆ ఉప్పుకి తుప్పుపట్టి ఊళ్ళో ఎవరి బండి అడుగు ఊడినా ముందు అతని ముఖమే చూస్తారు.

"నీ బండిని నువ్వే ఊరేసుకున్నావు వాలీ," అంది కాఫీ పోస్తున్నావిడ. "జాడీ మూత తీస్తే ఉప్పగా ఉందని ఏడుస్తావేం?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కానీ కాఫీ సగంలో వదిలి వచ్చేశాడు.

గురువారం కొత్తది బిగించాడు. శుక్రవారం గుడిసె కోసం బయల్దేరితే అదే గుంజుడు, అదే వాసన. ఇక పళ్ళు కొరుక్కుంటూ వెనక్కి తిప్పాడు. రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే, సరస్సు వైపు నుంచి కారులో వస్తున్న లోరీన్‌ను ఆపి, బ్రేకు తొక్కి పెట్టమని బతిమాలాడు.

ఇప్పుడూ డిస్కు కదలడం లేదు. ఏదో తోచినట్టు చిన్న స్పానర్ తీసి, కాలిపర్ నెత్తిన గాలి తీసే స్క్రూను అర చుట్టు తిప్పాడు. బ్రేకు ఆయిల్ చివ్వున చిమ్మి మోచెయ్యి మీద పడింది. డిస్కు తిప్పి చూశాడు. వేలితో నెట్టినా తిరుగుతోంది.

అతనికి కళ్ళ ముందు అంతా స్పష్టమైపోయింది. కాలిపర్‌కి ఏ జబ్బూ లేదు. దానికి ఆయిల్ తెచ్చే రబ్బరు పైపు లోపల ఉబ్బి మూసుకుపోయింది. తొక్కినప్పుడు ఆయిల్ బలవంతాన లోపలికి దూరుతోంది, వదిలాక వెనక్కి రాలేకపోతోంది. పైపు పైకి నున్నగా, కొత్తదానిలా ఉంది. బహుశా పాత కాలిపర్‌కీ ఏమీ అయి ఉండదు. రెండు రోజులు సుత్తితో బాదింది దాన్నే.

"వారం," అన్నాడు. "వారం రోజులు, ఈ జానెడు రబ్బరు ముక్క కోసం."

లోరీన్ దిగి వచ్చి విడిభాగాల కొట్టుకు ఫోన్ చేసింది. ఇంత పాత బండికి పైపు తెప్పించాలట, మంగళవారానికి వస్తుందట. ఆ పైపును పట్టకారుతో నొక్కి మూసేసి, మిగతా మూడు చక్రాల బ్రేకులతోనే వెళ్ళి గుడిసె లాక్కొస్తానని వాల్ఫ్రెడ్ లేచాడు. లోరీన్ అడ్డు చెప్పలేదు. పొద్దున సరస్సు వైపు నుంచి వస్తూ చూసిన సంగతి మాత్రం నెమ్మదిగా చెప్పింది.

"ఒడ్డు పక్కన మంచు విడిపోయింది వాలీ. బారెడు మేర నీళ్ళే. జనం చెక్కలు వేసుకుని దాటుతున్నారు. బండికి నాలుగు బ్రేకులున్నా అక్కడ దిగదు."

సోమవారం అదే మంచు లారీని మోసేది. అతను స్పానర్‌ను పెట్టెలో పడేశాడు. అది గురి తప్పి బురదలో పడింది. తియ్యలేదు.

ఇప్పుడు చెక్కల మీదుగా దాటి మంచు మీద పోగలిగేది, స్కీల మీద జారుతూ పోయే తేలికైన మంచు బండి ఒక్కటే. దగ్గర్లో అది ఉన్నది డెల్మర్ హూటలా దగ్గరే. పోయినేడు ఆలస్యం చేసి డెల్మర్ గుడిసె మంచులో బిగుసుకుపోతే, వాల్ఫ్రెడే ఈ పికప్‌తో లాగిపెట్టాడు. లాగి ఊరుకోలేదు. వచ్చే ఏడు నీకు క్యాలెండర్ కొనిస్తానని అందరి ముందూ అన్నాడు. ఆనాటి నుంచి డెల్మర్ అతనున్న బల్ల దగ్గర కూర్చోవడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు.

లోరీన్ చేతులు తుడుచుకుంటూ, ఊళ్ళో పనుంది, వెళ్ళొస్తానంది. వాల్ఫ్రెడ్ జాకీ మీది బండినీ, బురదనూ, తన నల్లటి చేతులనూ చూసుకున్నాడు. ఆమె తన కారు తలుపు తీస్తుండగా పిలిచాడు.

"లోరీన్, పోతూ డెల్మర్ ఇంటి దగ్గర ఆగు," అన్నాడు. "నా గుడిసె తెచ్చిపెట్టమని నేను అడుగుతున్నానని చెప్పు. నీ మాటగా చెప్పకు, నా మాటగానే చెప్పు. మధ్యాహ్నం ఎండ ముదరకముందే రమ్మను. ఒడ్డు దగ్గర నీళ్ళ మీద వెయ్యడానికి పొడుగు చెక్కలు రెండు నా షెడ్డులో ఉన్నాయి, తీసుకెళ్ళమను. ముందు గుడిసె లోపలున్న ఇనప పొయ్యి దింపమను. బరువు తగ్గుతుంది."