సుభద్రమ్మ గారి భయం

ఎండాకాలం మధ్యాహ్నం తడి గోనెపట్టా వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. నిన్న ఏలూరులో మా చికెన్ కొట్టు ఎదుట చెరుకురసం బండివాడు ఐసు మీద గోనెపట్టా తడిపి కప్పాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ముక్కలు కొడుతున్న కత్తి అక్కడే పడేసి కోళ్ల గూడు దగ్గరికి పరుగెత్తాను. "ఏమైందండీ?" అని కొనడానికొచ్చినావిడ కంగారుపడింది. ఏమీ కాలేదు. సుభద్రమ్మ గారు గుర్తొచ్చారు, అంతే.

ఇరవై ఏళ్ల కిందటి మాట. పెళ్లయిన కొత్తలో తాడేపల్లిగూడెం అవతల ఆవిడ కోళ్ల షెడ్డులో పనికి కుదిరాను. భర్త పోయాక ఆవిడ వరిచేను కౌలుకిచ్చి, ఒక మూల షెడ్డు వేసుకుని మాంసం కోళ్లు పెంచేవారు. కోడిపిల్లలు షెడ్డులో దిగిన రోజు నుంచి, అవి బరువెక్కి వ్యాను ఎక్కేదాకా ఆవిడకి నిద్రుండేది కాదు. తిట్టడంలో ఘటికురాలు, కానీ తిట్లన్నీ గుసగుసలే. గట్టిగా అరిస్తే కోళ్లు బెదిరి ఒక మూలకి పోగుపడి, ఒకదాని కింద ఒకటి ఊపిరాడక చస్తాయి మరి. అందుకని నా చెవి దగ్గరికొచ్చి, "నీ మొహం మండ, ఆ గాజుల చప్పుడేంటే? పైకి ఎగదోసుకో" అని రహస్యం చెప్పినట్టు తిట్టేవారు. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

ఆ వేసవిలో మాత్రం నవ్వు రాలేదు. అంతకుముందు ఏడాది ఎండకే ఒక బ్యాచ్ మొత్తం పోయింది. ఇదీ పోతే అరువు మీద కోడిపిల్లల్నిచ్చే హేచరీ ఇక ఇవ్వనంది. మర్నాడు పొద్దున్నే వ్యాను రావాలి. భోజనాల వేళ కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. కోళ్లన్నీ నోళ్లు తెరిచి, రెక్కలు విప్పుకుని రొప్పుతున్నాయి. చేతిపంపు కొట్టి కొట్టి గోనెపట్టాలు తడిపి చుట్టూ కట్టాం. "కూర్చోనివ్వకమ్మా ఫాతిమా, కింద వేడి పోవాలి. మెల్లిగా లేపు, మెల్లిగా" అంటూ ఆవిడ అటు నుంచి, నేను ఇటు నుంచి నడుస్తూనే ఉన్నాం. కొన్ని లేస్తున్నాయి, కొన్ని లేవడం లేదు. తర్వాత ఏది లేవదో అని కాలు తీసి కాలు వెయ్యాలంటే వణుకు.

ఎవరు చెప్పారో గానీ, గంట తిరక్కుండా ఒకతను మోపెడ్ మీద దిగాడు. చచ్చిన కోళ్లు కొనుక్కుపోయే మనిషి.

"సుభద్రమ్మ గారూ, ఇంకా వెచ్చగానే ఉన్నాయి కదండీ, నాకిచ్చెయ్యండి. కొల్లేటి చెరువుల్లో చేపల మేతకండీ."

"చేపలకైతే వెనకాల ఆ ఐసు పెట్టె ఎందుకయ్యా?" అన్నారావిడ. గొంతు లేవలేదు.

అతను నవ్వేశాడు. "పకోడీ బండి మీద కారంలో పడ్డాక ఎవరికి తెలుస్తుందండీ? హేచరీకి ఎంతో కొంత కట్టుకుంటే మళ్లీ పిల్లల్నిస్తారు కదండీ."

నాకూ ఆశ పుట్టింది. షెడ్డు మూస్తే నా పనీ పోతుంది. ఇచ్చేస్తే పోలా అన్నట్టు ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుని, నన్ను తిట్టినట్టే అతని చెవి దగ్గరికెళ్లారు. "బండి తిప్పు. బతికున్నవి బెదురుతాయని ఊరుకున్నాను. లేకపోతే నీ వీపు చిట్లిపోయేది" అన్నారు, గుసగుసగానే.

సాయంత్రం కరెంటొచ్చేసరికి సగం షెడ్డు పోయింది. చేను గట్టున గొయ్యి తీయించి, చచ్చినవాటిని అందులో వేయించారు. మన్ను కప్పేముందు ఇంట్లోకెళ్లి, రేషను కిరసనాయిలు డబ్బా తెచ్చి మొత్తం వాటి మీద పోసేశారు. "అయ్యో, పొయ్యిలోకి లేదు కదండీ!" అని లబలబలాడాను.

"నిరుడు పూడ్చినవి తెల్లారేసరికి తవ్వుకుపోయారే. ఎవరి పిల్లలు తిన్నారో! అప్పట్నుంచీ ఊళ్లో ఏ పిల్లాడికి వాంతులైనా నాకు భయమే" అన్నారు. ఏడుస్తున్నారు. ఆ ఏడుపు కూడా గొంతు దాటలేదు.

హేచరీ అన్నంత పనీ చేసింది. షెడ్డు మళ్లీ నిండలేదు. మేము ఏలూరు వచ్చి కొట్టు పెట్టుకున్నాం. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్లయింది. మా ఆయన కోసేముందు ప్రతి కోడినీ నేను కింద నిలబెట్టి చూస్తాను. నిలబడనిదాన్ని పక్కన పెట్టేస్తాను. "ఏంటండీ ఈ చాదస్తం, అవతల టైమైపోతోంది" అని కొనేవాళ్లు విసుక్కుంటారు. సంచి చేతికిస్తూ, "ఇంట్లో పిల్లలున్నారా అండీ?" అని అడుగుతాను. మర్యాదకి అడుగుతున్నాననుకుంటారు. ఉన్నారని చెప్పినవాళ్లు మర్నాడు మళ్లీ బజార్లో కనబడితే గానీ నాకు స్థిమితం చిక్కదు.