ఇద్రీస్ పేగులో నీలి వెలుగు

కొత్తకోటలో పెళ్లి ఊరేగింపు అంటే దశరథ్ బ్యాండు. ఆ బ్యాండులో క్లారినెట్ ఇద్రీస్‌ది. కొన్నేళ్ల కిందట అతనికి పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు పట్టుకుంది. విరేచనంలో రక్తం పడేది. కడుపు మెలిపెడితే ఇక ఆగేది కాదు. ఒకసారి పెళ్లికొడుకు గుర్రం మీద ఉండగానే పాట సగంలో వదిలేసి దారి పక్కనున్న ఇంటి తలుపు కొట్టాడు. ఊరేగింపంతా అతని కోసం నడిరోడ్డు మీద నిలబడింది. ఆ ఇంటి కృష్ణమ్మ నవ్వకుండా చెంబు అందించింది గానీ, ఇద్రీస్ చాలా రోజులు ఆ గల్లీలో తలెత్తి నడవలేదు.

హైదరాబాద్ దవాఖానలో డాక్టర్ నిహారిక ఇచ్చిన మందులతో ఏడాది తిరిగేసరికి రక్తం ఆగింది. తిన్నది ఒంటపట్టింది.

"మంచిగైన మేడం, ఇగ గోలీలు బంద్ చేస్త," అన్నాడు.

"ముందు లోపల ఎట్లుందో చూద్దాం," అందామె.

పరీక్ష రోజు మత్తు కొద్దిగానే ఇమ్మని అడిగి, లోపలి బొమ్మ కనిపించే తెర వైపు తిరిగి పడుకున్నాడు. సన్నటి గొట్టం చివరనున్న కెమెరా వెనక నుంచి పేగులోకి పోతుంటే గులాబీ రంగు గోడలు నున్నగా కనిపించాయి.

"గిది నా పేగేనా? మా గల్లీ కన్న సాఫ్‌గున్నది!"

గదిలో అందరూ నవ్వారు. డాక్టర్ ఒక మీట నొక్కింది. తెల్లటి వెలుగు పోయి నీలిపచ్చ వెలుగు పరుచుకుంది. సన్నటి రక్తనాళాలు ఆకు ఈనెల్లా తేలాయి. ఒకచోట మాత్రం అవి చిక్కుబడి, చిందరవందరగా ఉన్నాయి.

"మామూలు వెలుగులో ఇది కనబడలేదు చూడండి. వాపు ఇంకా పోయినట్టు లేదు," అంటూ అక్కడి నుంచి చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపింది. ల్యాబు కూడా అదే మాట చెప్పింది. గోలీలు ఆగకపోగా ఇంకో మందు తోడైంది. ఇద్రీస్ బస్సులో దారి పొడవునా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. ఇంటికొచ్చాక భార్య అతియా గ్లాసు నీళ్లతో ఎదురుగా నిలబడి, ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు.

మరుసటి ఏడు మళ్లీ అదే వెలుగులో చూస్తే చిక్కుబడ్డ రక్తనాళాలన్నీ చక్కగా సర్దుకున్నాయి. డాక్టర్ ఒక మందు ఆపేసి, ఏడాదికోసారి మాత్రం రావాల్సిందేనంది.

ఈ సంగతి విని, బ్యాండులో డోలు కొట్టే జంగయ్య ఒకరోజు ఇద్రీస్‌ను పక్కకు పిలిచాడు. నెలలుగా అతనికీ రక్తం పడుతోంది. ఎవరికీ చెప్పలేదు.

"భాయ్, గా పైపు పెడితే బాగ నొస్తదా?"

"పైపుతోని ఫికరే లేదు తమ్మీ. ముందుగాల పేగు కడుగనీకి తాగుమనే మందునీళ్లే జర కష్టం. నిమ్మకాయ పిండుకొని తాగు, ఇల్లు దాటకు!"

జంగయ్య పగలబడి నవ్వాడు. ఆ సోమవారమే ఇద్దరూ హైదరాబాద్ బస్సెక్కారు. జంగయ్యకు భయం వేయకుండా, ఇద్రీస్ దారిలో జడ్చర్ల వచ్చేదాకా పెళ్లి పాటలన్నీ నోటితోనే వాయిస్తూ కూర్చున్నాడు.