ముప్పై డిగ్రీలు దాటితే తెగే నెట్

ఇరవై మూడు రోజుల్లో పోయినవి ఇవి. నెట్ అరవై ఎనిమిది సార్లు. తెగిన ప్రతిసారీ తిరిగి రావడానికి సగటున నాలుగు నిమిషాలు, మొత్తం రెండు వందల డెబ్బై రెండు. మధ్యలో ఆగిపోయిన చిన్న పరీక్షలు రెండు, వాటితో పది మార్కులు. ఆకలి కూడా పోయింది గానీ దానికి కొలత లేదు కాబట్టి నేను లెక్కలు రాసుకునే పుస్తకంలో రాయలేదు.

నేను బీఏ చదివి సిడ్నీ వెళ్ళినవాడిని. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఆ సెమిస్టరులో స్టాటిస్టిక్స్ రెండోసారి చదువుతున్నాను. అప్పటికి అరవైకి ఇరవై ఆరు వచ్చాయి. పాసవడానికి చివరి పరీక్షలో నలభైకి ఇరవై నాలుగు కావాలి. ఈసారీ పోతే, నిన్ను ఎందుకు కొనసాగించాలో చెప్పమని యూనివర్సిటీ ఉత్తరం పంపుతుంది. చదువు ఆగితే వీసా ఆగుతుంది. పరీక్ష ఆన్‌లైన్‌లో. గదిలో మరో మనిషి కనబడకూడదు కాబట్టి లైబ్రరీ కుదరదు. కనెక్షన్ తెగితే రెండుసార్లు తిరిగి రానిస్తారు. మూడోసారి తెగితే పేపరు మూసేస్తారు.

నేనుండేది క్వేకర్స్ హిల్‌లో, ఒక తెలుగు దంపతుల ఇంట్లో వెనక గది. అక్కడ ఫోన్ సిగ్నల్ ఒక గీతే, దాని నెట్‌తో పరీక్ష రాయడం కుదరదు. ఆంటీ వృద్ధుల ఆశ్రమంలో నైట్ డ్యూటీ చేసి ఉదయం వచ్చి, పదింటికి పడుకుని, సాయంత్రం నాలుగింటికి లేచేవారు. అంకుల్‌ది గోడౌన్‌లో పగటి పని. నెట్ వచ్చే రూటర్ వాళ్ళ పడకగదిలో ఉండేది. అద్దెకున్న కుర్రాడు భార్యాభర్తల గదిలో అడుగు పెట్టడు, ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకని దాన్ని నేను ఒక్కసారీ చూడలేదు. నా కుర్చీ నుంచి తొమ్మిది అంగలు, రెండు గోడలు. అంతవరకే తెలుసు.

మొదట మైక్రోవేవ్‌ని అనుమానించాను. ఒక ఆదివారం అది వాడొద్దని బతిమాలాను.

“నీ నెట్ కోసం నేను చల్లారిపోయిన పులుసు తినాలా?” అన్నారు అంకుల్. “ఏమే, రేపు ఫ్రిజ్ కూడా ఆపమంటాడేమో చూడు!”

ఆ రోజు చల్లటి పులుసే తిన్నారు. నెట్ నాలుగుసార్లు తెగింది.

తర్వాత కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళు అడిగినవి నేను తలుపు బయట నుంచి అడిగితే ఆంటీ లోపల నుంచి జవాబిచ్చారు.

“లైటు ఏ కలర్‌లో ఉందాంటీ?”

“ఉండు... ఆఁ, గ్రీనే ఉందబ్బాయ్.”

“కబోర్డులో గానీ పెట్టారా?”

“లేదు నాన్నా, టేబుల్ మీదే ఉంది. నీట్‌గా ఉంచాన్లే.”

తెగిన టైముల పక్కన ఆనాటి ఎండ కూడా రాసుకున్నాను. ముప్పై డిగ్రీల లోపు ఒక్కసారీ తెగలేదు. బయటి తీగ అతుకు వేడికి వదులవుతోందని తేల్చాను. అంకెలు సరైనవే, తీర్పే తప్పు. తీగ చూసే మనిషి పరీక్ష అయిన మూడో రోజుకి గానీ రాడన్నారు. పరీక్ష రోజు ముప్పై ఏడు డిగ్రీలని వార్తల్లో చెప్పారు.

మధ్యాహ్నం రెండింటికి పేపరు తెరిచారు. నాలుగు దాకా సమయం. రెండూ పంతొమ్మిదికి తెగింది, వచ్చింది. రెండూ ముప్పై ఎనిమిదికి మళ్ళీ తెగింది. లేచి వెళ్ళి వాళ్ళ తలుపు ముందు నిలబడ్డాను. లోపల ఆంటీ గురక. చెయ్యెత్తాను, దించాను. రెండూ నలభై ఒకటికి కొట్టాను.

జుట్టు ముడేసుకుంటూ తలుపు తీశారు.

“ఆంటీ, నెట్ ఇంకోసారి పోతే నేను ఇంటికే.”

“ఏ ఇంటికి?”

“ఇండియాకి.”

“అయ్యో నా తండ్రీ! లోపలికి రా మరి, గుమ్మంలో నిలబడతావేం?”

రూటర్‌కి గులాబీ రంగు తొడుగు ఉంది. లోపల దూది, అంచుకు లేసు, కింద కుచ్చులు. మిక్సీకీ టీవీకీ కుట్టినట్టే దీనికీ కుట్టారు. లైటు చూడమన్నప్పుడు తీసి, చూసి, మళ్ళీ తొడిగారన్నమాట. నేను తొడుగు లాగి చెయ్యి పెడితే చురుక్కుమంది.

“దుమ్ము పడుద్దని కుట్టాను నాన్నా,” అన్నారు, ముఖం చిన్నబోయి. వెంటనే క్యాలెండర్ అట్ట అందుకున్నారు. “నువ్వు పో, రాసుకో. నేను ఇసురుతుంటా.”

నెట్ తిరిగొచ్చింది. రెండు తలుపులూ తెరిచే ఉంచాం. అట్ట చప్పుడు వినబడుతూనే ఉంది. అది ఆగినప్పుడల్లా నా చెయ్యి ఆగింది. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య తెర మూల ఉన్న గుర్తు చూశాను. నాలుగింటికి పేపరు పంపేదాకా మళ్ళీ తెగలేదు.

భయం అక్కడితో పోవాలి. పోలేదు. ఆ రాత్రి వంట ముగించి, డ్యూటీకని కారు తాళాలు తీసుకుంటూ ఆంటీ మూడుసార్లు ఆవలించారు. ఆశ్రమం మోటర్‌వే మీద నలభై నిమిషాలు.

“ఇవాళ లీవ్ పెట్టండాంటీ.”

“పెడితే ఆ ముసలమ్మల్ని నువ్వొచ్చి పక్కకి తిప్పుతావా?”

మర్నాడు ఉదయం ఏడూ నలభైకి రావాల్సిన కారు ఎనిమిదైనా రాలేదు. అంకుల్ పనికి వెళ్ళిపోయారు. ఆంటీ ఫోన్ ఎత్తలేదు. ఐదుసార్లు చేశాను. ఆ మోటర్‌వే మీద ఎక్కడెక్కడ ఏం జరగొచ్చో లెక్క వేస్తూ కూర్చున్నాను. నాకు లెక్క వచ్చినందుకు మొదటిసారి విసుగొచ్చింది. ఎనిమిదీ ముప్పై ఒకటికి గ్యారేజీ తలుపు లేచింది.

“కళ్ళు మూతలు పడుతుంటే పెట్రోల్ బంకులో ఆపి కునుకు తీశానబ్బాయ్. ఆ మొహమేంటి అలా ఉంది?”

వారం రోజులు వంట నేను చేస్తానన్నాను.

“నీ వంట తిని ఇంకో నిద్ర చెడగొట్టుకోనా?” అని లోపలికి వెళ్ళి పడుకున్నారు.

నాకు నలభైకి ఇరవై ఐదు వచ్చాయి. బంకులో తీసిన కునుకు ఆమె తనకు తాను ఇచ్చుకున్నది, దాన్ని నా బాకీలోంచి తగ్గించుకోలేదు. ఆమె నిద్రలోంచి నేను తీసుకున్నది తలుపు కొట్టినప్పటి నుంచి నాలుగింటి దాకా. ఎలా తిరిగివ్వాలో ఇప్పటికీ తెలియదు. డెబ్బై తొమ్మిది నిమిషాలు.