చింతపండు నీళ్ళలో గుల్ల

అమ్మ పోయిన ఏడాదికి హౌరా పక్కన లిలువాలో మా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పాస్టరు గారు ఒక్కొక్కరినీ లేచి అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెల్లెలు తన వంతు వచ్చినా లేవలేదు. తల అడ్డంగా ఊపి, కుచ్చెళ్ళు సర్దుకుంటూ కూర్చుంది. ఏడుపు ఆపుకుంటోందని అందరూ అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. కూడిక ముగిసేదాకా కుర్చీలు జరిపాను, గ్లాసులు తెచ్చాను, ఊరికే గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను.

చెల్లెలు ఒకప్పుడు ఒక గుల్లను పాడుచేసిందని మా ఇంట్లో చెప్పుకునే మాట తప్పు. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. చెల్లెలు పదో తరగతి. కింది వాటాలో ఉండే బెంగాలీ టీచరమ్మని అందరం దీదీమణి అనేవాళ్ళం. చెల్లెలి బడిలో ఆవిడ జీవశాస్త్రం చెప్పేవారు. చేపల ఓడలో పనిచేసే ఆవిడ తమ్ముడు, లోతు సముద్రంలో వలకి తగిలిందని ఒక నత్తగుల్ల తెచ్చి ఇచ్చాడు. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది, పొట్టి గొడుగులా ఉండేది. దాని వీపు నిండా వేరే గుల్లల ముక్కలు, చిన్న చిన్న రాళ్ళు. ఆ నత్త పెరిగేకొద్దీ సముద్రం అడుగున దొరికినవి ఏరుకుని, తన గుల్లకి తనే అతికించుకుంటుందట. తినడానికి వచ్చిన జీవాలకి నత్తలా కాక చెత్తలా కనబడుతుందట.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. చెల్లెలికి అప్పుడే తెలుసు.

బడి ప్రదర్శనలో చూపించమని దీదీమణి దాన్ని చెల్లెలి చేతికి ఇచ్చారు. "బాగా చెప్పు. నిన్ను సైన్సులో చేర్పించమని మీ నాన్నతో నేను మాట్లాడతాను," అన్నారు. పదితో చదువు ఆపించాలని నాన్న ఆలోచన.

ప్రదర్శన శనివారం. ఆదివారం ప్రార్థనకని అమ్మ శుక్రవారం సాయంత్రమే ఇత్తడి సామాను తోమేది. ఆ రోజు గిన్నెలో చింతపండు పిసికిపెట్టి కుళాయి దగ్గరికి వెళ్ళింది. లోడ్‌షెడ్డింగ్. లాంతరు వెలుగులో చెల్లెలి డబ్బా తెరిచి చూశాను. ఇంత మురికి పట్టిన గుల్లని నలుగురిలో ఎలా పెడుతుంది అనుకున్నాను. చింతపండు నీళ్ళలో వేసి నానబెట్టాను. చెంబులు మెరిసినట్టు ఇదీ మెరుస్తుందని నా నమ్మకం. కొబ్బరి పీచుతో రుద్దుతుంటే ముక్కలు ఊడొచ్చాయి. మురికి వదిలిందని సంతోషించాను. తుడిచి, దూదిలో పెట్టి, డబ్బా మూసేశాను. తెరిచినప్పుడు సంబరపడుతుందని చెప్పలేదు.

మర్నాడు దీదీమణి చెల్లెల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆవిడ అరచేతిలో గుల్ల బోడిగా, సున్నం ముద్దలా ఉంది.

"ఎవరు చేశారిది?" అని బెంగాలీలో అడిగారు.

చెల్లెలు గుల్ల వాసన చూసింది. అమ్మ వేళ్ళ వంక చూసింది. "నేనే కడిగాను దీదీమణీ," అంది.

"ఎవులు కడగమన్నారే నిన్ను?" అని అమ్మ అందరి ముందూ కేకలేసింది. "ఒకరి వస్తువు ఉన్నదున్నట్టు ఇవ్వడం తెలీదేటి?"

నాన్న నవ్వాడు. "గుల్లే దాచలేనిది కాలేజీకెళ్ళి ఏటి చేస్తాది?"

దీదీమణి చదువు మాట ఎత్తకుండానే దిగిపోయారు. నేను తలుపు పక్కనే ఉన్నాను. వీధిలో ఎర్రజెండాల ఊరేగింపు పోతోంది. చెప్పులేసుకుని అందులో కలిసి, కాళ్ళు నొప్పెట్టేదాకా నడిచాను. ఆ ఏడాదే చెల్లెలు కుట్టుమిషను ముందు కూర్చుంది.

కూడిక మర్నాడు చెల్లెల్ని రైలెక్కించడానికి హౌరా వెళ్ళాం.

"ఏటన్నయ్యా, కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతున్నావు? కూచో."

కూచోలేదు. నిలబడే చెప్పాను.

"అమ్మ కాదా?" అంది.

"కాదు."

"చింతపండు వాసనొచ్చింది. అమ్మే తోమీసిందనుకున్నాను. అమ్మని కాపాడదామని నా మీద ఏసుకుంటే, ఆ అమ్మే నన్ను తిట్టింది. తరవాతయినా నా దగ్గరికొచ్చి ఒక్క మాట అంటాదని చూసినాను. ఇన్నేళ్ళూ చూసినాను." "నిన్న అందుకే లేవలేదు. నాన్నకి చెప్పు. కూడికకొచ్చినోళ్ళందరికీ చెప్పు."

రైలు కదిలాక చెయ్యి ఊపలేదు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. "పిల్లని చదివించమని మీయమ్మ నన్ను మరీ మరీ అడిగిందిరా. అడిగినప్పుడల్లా ఆ గుల్ల మాటే ఎత్తి నోరు మూయించినాను," అన్నాడు.

ఆ మాట చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. వెంటనే ఫోను చేశాను. రైలు ఖరగ్‌పూర్ దాటిందేమో, అందలేదు. ఇది రాస్తూ మధ్య మధ్యలో లేచి మళ్ళీ చేస్తున్నాను.